పన్నెండో సూది

షోవా 51 (1976), నవంబరు 9, మంగళవారం

గత మంగళవారం ఉదయం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. ఆ రోజు ఏమీ జరగలేదు. అందుకే కావచ్చు.

నాలుగున్నరకు లేచాను. చన్నీళ్ళతో మొహం కడుక్కున్నాను. బుద్ధుడి గూడు తలుపులు తెరిచి, పోయిన నాన్నగారి పేరుచెక్క తుడిచాను. కొవ్వొత్తి, ఒక అగరుబత్తి, చిన్న గిన్నెలో నీళ్ళు, కుండలోంచి తీసిన తొలి అన్నం. కళ్ళు మూసుకునేసరికి గోడకు అవతల తమ్ముడు తమియో నూడుల్స్ మెషీన్ స్విచ్చి వేశాడు. నాన్నగారి కాలం నాటిది. ముసలి ఎద్దులా మూడుసార్లు మూలిగి నడక అందుకుంది. దాని అడుగులో అడుగు వేస్తూ బుద్ధనామం చెప్పుకోవడం నాకు ముప్ఫయ్యేళ్ళ అలవాటు. నామం ముగిసేసరికి అగరుబత్తి కూడా ముగిసింది.

వంటింట్లో మరదలు యసుయో పులుసులోకి ముల్లంగి తరుగుతోంది. మేనకోడలు రిట్సుకో ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోదాని కోసం ఇల్లంతా కుంటుతూ, నోట్లో అన్నం పెట్టుకుని “పెద్దత్తా, పిన్నీసు!” అంది. ఇచ్చాను. తమియో పేపరు తిరగేస్తూ వానను తిట్టాడు. వాన లేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని, కుట్టాల్సిన కిమోనో విప్పి, సూదులు లెక్కపెట్టాను. పన్నెండు.

అంతే ఆ ఉదయం.

మర్నాడు సెలవు. కొత్త మెషీన్ వచ్చింది. కొత్తదంటే మాకు కొత్త. నదికి అవతల మా చెల్లెలు మిత్సుయె ఉండే ఊళ్ళో ఒక ముసలాయన కొట్టు మూసేస్తుంటే తమియో కొన్నాడు. బిగించే ముందు దానికి ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేశాడు.

గురువారం రిట్సుకో బడి నుంచి కాగితం తెచ్చింది. వచ్చే ఏడు ఏ హైస్కూలుకు వెళ్ళేదీ రాసి, సంతకం బదులు ఇంటి ముద్ర వేసి, ఈ నెల ముప్ఫయిన ఇవ్వాలి. పిల్ల అప్పటికే రాసేసింది. సాంకేతిక హైస్కూలు, విద్యుత్తు విభాగం.

తమియో మూడుసార్లు చదివాడు.

“ఆ విభాగంలో ఆడపిల్లలు ఎంతమంది?”

“నేను చేరితే ఒకరు నాన్నా.”

“కామర్సు స్కూలుకి వెళ్ళు. చక్కగా కొట్లో కూర్చోవచ్చు. దీనికి నేను ముద్ర వెయ్యను.”

ముద్ర బుద్ధుడి గూడు కింది డ్రాయర్లో ఉంటుంది. అమ్మ పోయినప్పటి నుంచి నా సంరక్షణలో ఉంది. నేను ఈ విషయంలో ఎవరి పక్షమూ కాదు. ప్రార్థిస్తాను, అంతే.

నవంబరు 11, గురువారం

కొత్త మెషీన్ నూడుల్స్ తెంపుతోంది. పిండి పట్టీ రోలర్ల మధ్యకు వెళ్ళి చిరిగి బయటికొస్తోంది. తమియో నీళ్ళు పెంచాడు, తగ్గించాడు, ఉప్పు పెంచాడు. మెషీన్ను తన్నాడు. తర్వాత క్షమించమని దణ్ణం పెట్టాడు.

మూడు పూటలా తెగిన నూడుల్సే తింటున్నాం. రిట్సుకో వాటిని చెంచాతో తింటోంది. తండ్రికి కనబడేలా.

నవంబరు 12, శుక్రవారం

నామం ముగిసింది. కళ్ళు తెరిస్తే అగరుబత్తి ఇంకా వేలెడు మిగిలి ఉంది. ఈ వారమంతా ఇంతే. వయసు మీదపడితే మనిషి నెమ్మదిస్తాడంటారు. నేను తొందరపడుతున్నాను.

నవంబరు 14, ఆదివారం

మిత్సుయె వచ్చింది. తిన్నగా పనిగదిలోకి వెళ్ళింది. మెషీన్ చుట్టూ చిన్న చిన్న పళ్ళాల్లో ఉప్పు కుప్పలు.

“అన్నయ్యా, నూడుల్స్ అమ్ముతున్నావా, ఉప్పు అమ్ముతున్నావా?”

“నవ్వు. అంతా మీ ఊరి పీడే ఇది. ఈశాన్యం నుంచి తెచ్చాను. దయ్యాలు వచ్చే దిక్కు అది. బుద్ధున్నవాడెవడైనా ఆ దిక్కు నుంచి ఇంట్లోకి ఇనుము తెస్తాడా?”

“నేనూ ప్రతి ఆదివారం ఆ దిక్కు నుంచే వస్తున్నాను.”

“అదే నేనూ చెప్తున్నాను.”

రిట్సుకో తలుపు దగ్గర నిలబడి వింటోంది. “చిన్నత్తా, పెళ్ళికి ఇక్కణ్ణించి ఒక రికార్డు ప్లేయరు పట్టుకెళ్ళావు కదా, ఏమైంది?” అంది.

“అయ్యో, దాని కథ అడక్కు! కొత్త కోడలిని, సరదాగా డాన్సు పాట పెట్టాను. చావు పాటలా సాగింది. ఏది పెట్టినా ఏడుపే. మా అత్తగారు నాకు పుట్టింటి మీద బెంగనుకుని రెండు రోజులు పని చెప్పలేదు.”

“అదే నాన్నా! నదికి ఇటు కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతుంది. అటు యాభైసార్లే. మోటారు ఆ ఊపుని బట్టే తిరుగుతుంది. చిన్నత్త ప్లేయరు అటెళ్ళి నీరసపడింది. నీ మెషీన్ ఇటొచ్చి పరుగెడుతోంది. అక్కడ ఐదు చుట్లు తిరిగేది ఇక్కడ ఆరు తిరుగుతోంది.”

“అదంతా పాటల పెట్టెలకి. ఇది మూడు వందల కిలోల ఇనుము. తను ఏ ఒడ్డున ఉందో ఇనుముకేం తెలుస్తుంది?”

“మోటారు మీద రేకు ఉంటుంది. దాని మీద యాభయ్యో అరవయ్యో రాసుంటుంది. చూద్దాం.”

అందరం వంగి చూశాం. రేకు ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగు ఉంది.

“గీకావంటే ఊరుకోను. రెండు పూతలు వేశాను” అన్నాడు తమియో.

యసుయో తెగిన నూడుల్స్ వడ్డించింది. మిత్సుయె చెంచా అడిగింది.

నవంబరు 16, మంగళవారం

సూదులు పదకొండే ఉన్నాయి.

ఇరవై ఏళ్ళలో ఇలా జరగలేదు. చాప కింద చూశాను, కిమోనో విప్పి చూశాను. సూది మనిషి కాలిలోకి దిగితే నా పని పరువు పోతుంది. దీపాల వేళకు నేను నేల మీద పాకుతుంటే రిట్సుకో చూసింది. లోపలికి వెళ్ళి ఒక లావుపాటి మేకు, దానికి దారంలా చుట్టిన రాగి తీగ, రెండు బ్యాటరీలు తెచ్చింది.

“ఇదేమిటమ్మా?”

“మామూలు మేకే. తీగలోంచి కరెంటు వెళ్ళినంతసేపూ అయస్కాంతం. ఆపేస్తే మళ్ళీ మేకు.”

“ఎన్ని చుట్లు చుట్టావు?”

“నూట ఇరవై. చుట్లు పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. నువ్వు నామం ఎన్నిసార్లు అంటావో లెక్కుంటుందా, అలాగే.”

చాపల సందులో మేకు నడిపించింది. టిక్కుమని చప్పుడైంది. నా సూది మేకు కొసను పట్టుకుని వేలాడుతోంది. పిల్ల తీగ విడదీసింది. సూది నా అరచేతిలో పడింది.

ఆపేస్తే వదిలేస్తుంది. మా ఇంట్లో ఈ గుణం ఎవరికీ లేదు.

నవంబరు 17, బుధవారం

ముద్ర సిరా ఎండిపోయిందేమోనని డ్రాయరు తీసి చూశాను. ఎండలేదు.

నవంబరు 19, శుక్రవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. పెంచి రాయను.

ఉదయం గూట్లో నీళ్ళగిన్నె పెడుతుండగా కాలరుకు గుచ్చుకున్న సూది జారి నీళ్ళలో పడింది. మొన్న దొరికిన సూదే. రాత్రి జుట్టుకు రాసి నునుపు చేశాను, ఆ నూనె వల్ల కాబోలు మునగలేదు. నీటి మీద పడుకుంది. తర్వాత నెమ్మదిగా తిరిగింది. తిరిగి తిరిగి, మొన నాన్నగారి పేరుచెక్క వైపు పెట్టి ఆగింది.

వేలితో పక్కకు తిప్పాను. మళ్ళీ పేరుచెక్క వైపే వచ్చింది.

ఇంకో సూదికి నూనె రాసి వేశాను. అది ఎటూ తిరగలేదు, పడుకుంది. మరొకటి. అదీ అంతే. ఆ ఒక్కటే.

అప్పుడు నేను రిట్సుకో కాగితం గురించి ఆలోచిస్తున్నాను. నాన్నగారిని ఏమీ అడగలేదు. మనసులో ఉన్నది అడిగినట్టు కాదు.

నవంబరు 20, శనివారం

తమియోతో చెప్పాను. నేనుగా ఏమీ అనలేదు. సూది ఎటు తిరిగిందో చెప్పానంతే. ఆ సమయంలో ఏం ఆలోచిస్తున్నానో కూడా చెప్పాను, అడిగాడు కాబట్టి.

తమియో చేతులు కడుక్కుని వచ్చి గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గిన్నెలో సూది వేశాను.

“నాన్నా, పిల్ల ఆ కరెంటు బడికి వెళ్ళాలా? వెళ్ళాలంటే సూది నీ వైపు తిప్పు.”

సూది తిరిగింది. నాన్నగారి వైపు.

తమియో గిన్నెను సగం చుట్టు తిప్పాడు. సూది కదిలి, ఆలోచించి, నాన్నగారి వైపే తిరిగింది. వాడి మొహం పిండి రంగులోకి మారింది.

“అక్కా, ఆ ముద్ర ఇలా ఇయ్యి.”

డ్రాయరు మీద నా చెయ్యి ఉంది. సరిగ్గా అప్పుడే రిట్సుకో బడి సంచీతో వచ్చింది. శనివారం ఒంటిపూట బడి అన్న సంగతి నేను మరిచిపోకుండా ఉండాల్సింది.

“ఏంటి ఇద్దరూ? ఓ, సూది తేలుతోందే! భలే!”

“నిశ్శబ్దం. తాతయ్య జవాబు చెప్పారు” అన్నాడు తమియో. “నువ్వు వెళ్ళచ్చట.”

పిల్ల గిన్నె చూసింది, గూడు చూసింది, కిటికీ చూసింది. దాని మొహంలో వెలుగు రావడమూ కనబడింది, పోవడమూ కనబడింది.

“నాన్నా, ఇది తాతయ్య కాదు. ఉత్తరం.”

“ఏమిటే?”

“మొన్న నా మేకుకి అంటుకున్న సూది ఇది. అప్పుడే దీనికి కాస్త అయస్కాంతం అబ్బింది. భూమి కూడా పెద్ద అయస్కాంతమే. వదిలేస్తే సూది ఉత్తరం వైపు తిరుగుతుంది. మన గూడు ఉత్తరం గోడకుంది, అంతే.”

గిన్నె పట్టుకుని వంటింట్లోకి నడిచింది. వెనకే మేమిద్దరం. అక్కడ సూది ఊరగాయ పీపా వైపు చూసింది. పనిగదిలో గోధుమపిండి బస్తాలవైపు చూసింది. అక్కణ్ణించి పిల్ల మరుగుదొడ్డి తలుపు తీసింది.

“చాలు!” అన్నాడు తమియో.

“తాతయ్యని అక్కడ కూడా...”

“చాలన్నానా!”

మెషీన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒక ఉప్పు పళ్ళెం తొక్కాడు.

“ఒక్క నిమిషం ఊరుకుంటే ఏం పోయింది తల్లీ” అన్నాను.

“ముద్ర పడేది. కానీ పెద్దత్తా, మొదటి రోజే అక్కడ ఇదే పాఠం చెప్తారు. అబద్ధంతో వచ్చి ఆ బెంచీలో ఎలా కూర్చోను?”

కాగితం తీసి మడతపెట్టుకుంది. ఏడవలేదు.

నవంబరు 21, ఆదివారం

ఈ పిల్లకు తెలివి ఉంది. లౌక్యం లేదు.

సిరా చూశాను. ఎండలేదు.

నవంబరు 22, సోమవారం

తమియో మాట్లాడడం లేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, ఎవరివైపూ చూడకుండా, “అబద్ధం చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోలేదు” అన్నాడు. తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. వాడికీ తెలియలేదనుకుంటాను.

సూదిని మిగతా పదకొండింటికి దూరంగా వేరే డబ్బీలో పెట్టాను. పక్కన పెడితే అన్నింటినీ పట్టుకుంటోంది.

నవంబరు 23, మంగళవారం, సెలవు

పొద్దున్నే రిట్సుకో చిన్నత్తకు ఫోను చేసింది. మెషీన్ అమ్మిన ముసలాయన పక్కవీధే. ఒక బస్తా పిండి పట్టీ అంతా రోలర్ల గుండా వెళ్ళడానికి ఆయన కొట్లో ఎంతసేపు పట్టేదో కనుక్కోమంది. మిత్సుయె పరుగెత్తుకెళ్ళి పరుగెత్తుకొచ్చి చెప్పింది. పది నిమిషాలు. నలభయ్యేళ్ళుగా అంతేనట. ఆయన ఆ పది నిమిషాల్లోనే టీ తాగేవాడట.

పిల్ల ఒక చిన్న కాగితం మీద ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి, నా చేతికిచ్చింది.

“గూట్లో పెట్టు పెద్దత్తా. నాన్న చూసేదాకా ఎవరూ విప్పొద్దు. నాన్నా, మన మెషీన్ మీద అదే బస్తా, అదే మందం. గడియారం నువ్వే పట్టుకో.”

“ఎందుకు?”

“తాతయ్యనడిగావు కదా. ఇప్పుడు మెషీన్ను అడుగు.”

తమియో నాన్నగారి చేతిగడియారం తెచ్చాడు. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే “మొదలు” అన్నాడు. స్విచ్చి వేశాడు. పిండి పట్టీ ఎప్పటిలాగే చిరుగుతూ, తెగుతూ, పరుగెడుతూ వెళ్ళింది. యసుయో చిరిగినవి బుట్టలోకి ఎత్తుతోంది. చివరి ముక్క బయటికొచ్చింది.

“ఎనిమిది నిమిషాల ఇరవై మూడు సెకన్లు” అన్నాడు తమియో.

గూట్లోంచి కాగితం తెచ్చి ఇచ్చాను. విప్పాడు. ఉన్నది ఒక్క ముక్కే. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు.

“మూడు సెకన్లు తప్పింది.”

“గడియారం మొదలుపెట్టాక, స్విచ్చి వేసేముందు, నువ్వు మెషీన్కి దణ్ణం పెట్టావు నాన్నా.”

యసుయో నవ్వింది. ఈ మూడు వారాల్లో మొదటిసారి. తమియో తల గోక్కున్నాడు.

“ఎలా వచ్చింది ఈ లెక్క?”

“అక్కడ ఐదు తిరిగితే ఇక్కడ ఆరు. కాబట్టి అక్కడి ఆరు నిమిషాల పని ఇక్కడ ఐదు నిమిషాలు. పది నిమిషాలకి లెక్కేస్తే అదే వస్తుంది.”

తమియో లోపలికెళ్ళి కత్తి తెచ్చాడు. ఆకుపచ్చ రంగును తనే గీకాడు. మొదటి పూత పోయింది, రెండోది పోయింది. రేకు మెరిసింది. యాభై అని ఉంది. అరవై లేదు.

“ఈ రంగు ఎవడు వేశాడో” అన్నాడు.

“రెండు పూతలు మీరే కదండీ” అంది యసుయో.

నవంబరు 25, గురువారం

మెషీన్ను తిరిగి ఇవ్వాలా, మోటారు మార్చాలా అని తమియో. రెండూ వద్దంది పిల్ల. మోటారు మీద ఆరంగుళాల పుల్లీ ఉందట. దాని బదులు ఐదంగుళాలది వేస్తే మోటారు ఎంత తొందరపడినా బెల్టు పాత వేగంతోనే నడుస్తుందట.

“మోటారుని ఆపక్కర్లేదు నాన్నా. దాని తొందర దానిది. మన పని మనది.”

ఇది నేను పూజలో చెప్పుకోవాల్సిన మాటలా ఉంది.

నవంబరు 27, శనివారం

కమ్మరి పుల్లీ ఇచ్చాడు. తండ్రీకూతుళ్ళు సాయంత్రం వరకు మెషీన్ కింద పడుకునే ఉన్నారు. కాళ్ళు నాలుగే కనబడ్డాయి.

“అది కాదు, పెద్ద పానా!”

“ఇదే పెద్దది నాన్నా.”

“మరి చిన్నగా ఉందేం?”

“నీ చెయ్యి పెద్దది.”

కాగితం మాట ఎవరూ ఎత్తడం లేదు. ఇంకా మూడు రోజులు. సిరా చూశాను.

నవంబరు 28, ఆదివారం

అగరుబత్తీ, నామమూ ఒకేసారి ముగిశాయి. కళ్ళు తెరిచాను. బూడిద అప్పుడే రాలుతోంది. వయసు కాదన్నమాట. నదీ, కరెంటూ.

నవంబరు 29, సోమవారం

ఈ సాయంత్రం అందరం కూర్చున్నాం. మిత్సుయె కూడా వచ్చింది, సోమవారమైనా. యసుయో నూడుల్స్ వడ్డించింది. బారెడు పొడవున, ఒక్కటీ తెగలేదు. తమియో ఒకదాన్ని పుల్లలతో ఎత్తి, దీపం ముందు పట్టుకుని, ఎక్కడా తెగలేదని చూసుకుని మరీ తిన్నాడు. రిట్సుకో ముందు చెంచా పెట్టాడు.

“అక్కర్లేదు నాన్నా.”

“ఉండనీ. గుర్తుకి.”

తిన్నాక కప్పు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“పిల్ల ఆ పరీక్ష రాస్తుంది. విద్యుత్తు విభాగం. ఆడపిల్ల ఒక్కతే ఉంటే ఒక్కతే ఉంటుంది. సూది నా పక్షాన మాట్లాడితే ఊరుకునేవాణ్ణి నేను. ఈ పిల్ల ఊరుకోలేదు. అలాంటి మనిషి ముట్టుకున్న తీగకి భయపడక్కర్లేదు.” చెంచా దాని వైపు జరిపాడు. “ఆదివారాలు మాత్రం మెషీన్ సంగతి ఇదే చూడాలి.”

రిట్సుకో తల వంచుకుంది. ఈసారి ఏడ్చింది.

“ఉప్పో?” అంది మిత్సుయె.

“ఉప్పు ఉంటుంది. నువ్వు వస్తూనే ఉన్నావు కదా.”

తర్వాత ముద్ర తెమ్మన్నాడు. నేను లేచేలోపు తనే వెళ్ళి డ్రాయరు మొత్తం లాగేశాడు. సిరా డబ్బా తీశాడు. ముద్ర తీశాడు. అడుగున పరిచిన పాత పేపరు కంటబడింది. తర్వాత ఆ పేపరు తెచ్చి అందరి ముందు పరిచాడు. దాని అంచునంతా మా ఇంటి ముద్ర వరసగా, ఎర్రగా, చక్కగా పడి ఉంది. రిట్సుకో లెక్కపెట్టింది. తొమ్మిది.

“అక్కా, ఇవేంటి?”

“సిరా ఎండిందేమోనని చూశాను.”

“తొమ్మిదిసార్లా?”

“ఎండలేదు.”

మిత్సుయె కప్పు కింద పెట్టేసి చాప మీద దొర్లి దొర్లి నవ్వింది. తమియో కాగితం మీద ముద్ర వేశాడు. గట్టిగా, రెండు చేతులతో. రేపు పిల్ల తీసుకెళ్తుంది.

ఇకమీదట ముద్ర యసుయో దగ్గర ఉండాలని ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించారు. నాకు అభ్యంతరం లేదు. నేను ఎవరి పక్షమూ కాదు.